బావమరిది చేతిలో తాడు

తప్పు కుక్కది. ఎర్రయ్య కాల్చి పెట్టుకున్న ఉడుమును బావమరిది అంకయ్య కుక్క ఎత్తుకపోయింది. ఎర్రయ్య గొడ్డలి కామకట్టె విసిరినాడు, కుక్క కుంటింది. ఆ పొద్దు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో నలిగేది పాపమ్మ. ఒకడు మొగుడు, ఇంకొకడు తమ్ముడు.

కొట్టుకు చావండని వదిలేసేదే, తేనె లేకపోతే. గిద్దలూరు పైన అడవిలో వాళ్ల చెంచుగూడెం. కొండతేనె దింపి మార్కాపురం సెట్టికిస్తే జొన్నలు కొలుస్తాడు. ఆ యేడు దొరల ఫారెస్టు గార్డు వేట కూడా బందు పెట్టినాడు. వానలు పడేలోపల తేనె రాకపోతే పిల్లలకు ఉడకబెట్టేదానికి గడ్డలే గతి.

చరియ మీద తేనెకు దిగేవాడి తాడు పెళ్లాం తోడబుట్టినోడే పట్టాల. సొంత అన్నదమ్ములు పట్టకూడదు, వాళ్లకు వదినె మీద కన్నుండొచ్చు. తమ్ముడైతే అక్క ముండమోస్తే చూడలేడు గదా. గూడెంలో ఒకప్పుడు బావమరుదులకు కరువు లేదు. చలిజ్వరం కొందర్ని తీసుకపోయింది, రైలుకు కట్టెలు కొట్టే కూలికని దిగువకు పోయినోళ్లు మళ్లీ రాలేదు. పాపమ్మకు మిగిలింది ఈ అంకయ్య ఒక్కడే.

మొగుణ్ణి బతిమాలితే, వాణ్ణే వచ్చి అడగమన్నాడు. తమ్ముణ్ణి బతిమాలితే, ముందు కుక్క కాలు సంగతి చూడమన్నాడు. ఆకు నూరి కుక్క కాలికి కట్టు కట్టింది పాపమ్మ. తన కాలు విరిగితే ఇంత మర్యాద జరిగేదా అనుకుంది.

చివరికి ఇద్దరూ చరియ దగ్గరికి వచ్చినారు, నోరు మాత్రం ఇంటి దగ్గరే పెట్టి. ఎర్రయ్య నడుముకు తాడు కట్టుకుని, తేనెటీగల్ని తోలే పొగకట్ట పట్టుకుని దిగినాడు. అంచున బోర్లా పడుకున్న పాపమ్మకు చెప్తాడు, ఆమె తమ్ముడికి చెప్తుంది. ఇంకొంచెం వదలమంటున్నాడు. చాలంటున్నాడు. ఎవరితో అంటున్నాడో పేరు పెట్టి చెప్పమను, అంటాడు అంకయ్య.

పట్టు కోసి బుట్టలో వేసినాడో లేదో, గాలి తిరిగింది. పొగంతా పైకి, ఈగలన్నీ ఎర్రయ్య మీదికి.

"పాపా, లాగమని చెప్పు" అన్నాడు కిందినుంచి.

పాపమ్మకు పొగ గొంతులో పడి మాట రాలేదు. దగ్గుతా వెనక్కి తిరిగితే, అంకయ్య అప్పటికే రాతికి కాలు తన్ని లాగుతున్నాడు. అరచేతుల తోలు తాడుకే అంటుకపోతున్నా ఆగలేదు.

పైకొచ్చిన ఎర్రయ్య మొహం గుమ్మడికాయంత అయింది. అంకయ్య ఎదురుగా కూచుని ఈగల ముళ్లు ఒక్కొక్కటే పీకుతున్నాడు.

"అక్కా, ఈయన్ని కదలొద్దను."

"పాపా, మెల్లిగా పీకమను."

పాపమ్మ తేనెపట్టు ముక్క తుంచుకుని, ఇద్దరికీ పెట్టకుండా తానే నమిలింది.

తెల్లారి తేనెకుండను కర్రకు వేలాడదీసి చెరో కొస భుజాన పెట్టించింది. మార్కాపురం దాకా రెండు రోజుల నడక. నువ్వు రావా అని ఇద్దరూ ఆమెనే అడిగినారు.

"నేనెందుకు? మధ్యలో కుండ ఉంది గదా. ఏదైనా ఉంటే దానికి చెప్పుకోండి."