మూడో గది దుప్పటి

బస చేసినవాళ్ళు మెట్లు దిగీ దిగకముందే ఆమె దుప్పట్లు లాగేస్తుంది. ముడతలు చూసి మనుషుల్ని చెప్పేస్తుంది. మొగుడూ పెళ్ళాం చెరో అంచుకి జరిగి పడుకున్నారా, పిల్లాడు మంచంలోనే బిస్కెట్లు మెక్కాడా, ఏదీ దాగదు. ఓ పెద్దాయన ఏ పక్కకి తిరిగి గురకపెట్టాడో కూడా చెప్పిందట. ఆయన భార్య తెల్లబోయి, అవునని ఒప్పుకుందట.

ఆమె భర్తకి మాత్రం ముడతలతో పనిలేదు. వచ్చిన ప్రతివాళ్ళూ ఆయన్నే అడుగుతారు, ఈ కొండమీద గదులు కట్టి అద్దెకివ్వాలని ఎందుకనిపించిందని. ఆయన కుర్చీ ముందుకు లాక్కుంటాడు. కొండజనం భాష, పాటలు, అడవి అన్నీ తన భుజాల మీదే నిలబడ్డట్టు అరగంట చెబుతాడు. ఆ అరగంటా ఆమె బకెట్లు మోస్తుంటుంది. "మా ఆవిడకి మాట్లాడటం రాదండీ" అని చివర్లో ఓ నవ్వు.

రాక కాదు, అడిగినవాళ్ళు లేక. కొండమీద పనుల్లేక కూతుర్ని పట్నంలో ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే పనికి పంపినప్పుడు, గదులు కడదామన్నది ఆమే. ఇక్కడే పనుంటే పిల్ల తిరిగొచ్చేస్తుందని. కిటికీ ఉన్న మూడో గది కూతురిదంది. "అదీ అద్దెకే. వచ్చినప్పుడు చూద్దాంలే" అన్నాడాయన. ఆరేళ్ళయింది.

నిన్న కూతురు వచ్చింది. చంకలో యజమానురాలి బిడ్డ, భుజాన వాళ్ళ సంచులు. మీ అమ్మాయి ఊరు చూద్దామని వచ్చామంది వెనకే వచ్చిన యజమానురాలు. వరండాలో చాప చాలమ్మా, నాకదే అలవాటంది కూతురు. గది ఖాళీగా ఉంచితే ఎవరైనా వస్తారన్నాడు భర్త. ఆమె వినిపించుకోలేదు. మూడో గదిలో ఉతికిన దుప్పటి పరిచి, కూతుర్ని లోపలికి పంపింది. "ఎవరొచ్చినా ఈ గది నిండిందని చెప్పు" అంది మొగుడితో.

పొద్దున్నే కూతురు బిడ్డకి పాలు పట్టడానికి వెళ్ళాక, ఆమె అలవాటుకొద్దీ ఆ గదిలోకి వెళ్ళింది. దుప్పటి మీద ఒక్క ముడత లేదు. మంచం పక్కన, వట్టి నేలమీద, తలకింద పెట్టుకున్న చున్నీ. తల ఆనిన చోట చిన్న గుంట.

బయట యజమానురాలు టీ తాగుతూ అడుగుతోంది, ఇదంతా ఎందుకు మొదలుపెట్టారండీ అని. ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

ఆమె నలగని దుప్పటి చేతుల్లో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది.

"మా అమ్మాయి మంచం మీద పడుకోవాలనండీ" అంది.