ఆపితే లేచి కూర్చునే చిప్పు

సోమవారం ఆసుపత్రి పెద్ద నర్సు ఫోన్ పెట్టేసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. నెలలు నిండని పిల్లల్ని వెచ్చగా ఉంచడానికి మేం చేసిచ్చిన తొమ్మిది పెట్టెలూ ఉన్నట్టుండి ఆగి, మళ్ళీ మొదలవుతున్నాయట. నర్సు మీట నొక్కేదాకా హీటర్ వెలగడం లేదట. శనివారంలోగా బాగుచెయ్యకపోతే అన్నీ వెనక్కి పంపేస్తుందట. ఆ వార్డులో వేరే పెట్టెలు లేవు.

పెట్టెల్ని నడిపించే ప్రోగ్రామ్ నాది. చిప్పు మాత్రం ఎప్పుడో మూతపడిన కంపెనీది. దాన్ని మధ్యలో ఆపి లోపలేం జరుగుతోందో చూపించే పరికరం వాళ్ళే అమ్మేవారు. మా దగ్గరున్న ఒక్కటీ కాలిపోయింది.

"ఆ పనే చేసే డీబగ్గర్ ప్రోగ్రామ్ ఊరికే దొరుకుతుందిగా, ఎవరైనా తెరిచి మార్చుకోవచ్చు. దానికి మన చిప్పుని నేర్పిద్దాం" అంది షెడ్డులో నాతో కలిసి పనిచేసే మా వదిన.

"కొండకి వెంట్రుక కట్టి లాగుతున్నారు వదినా."

"వస్తే కొండ, పోతే వెంట్రుకేగా!"

మూడోరోజుకి చిప్పు మాట విని ఆగింది. ఆగిన రెండు సెకన్లకే మళ్ళీ మొదటికొచ్చింది. తప్పు కేబుల్‌దేనని ఏడు కేబుళ్ళు మార్చాను. ఎనిమిదోదాన్ని తిట్టుకుంటూ కోస్తుంటే, వదిన ఆరువందల పేజీల చిప్పు పుస్తకంలో, పేజీ అడుగున చిన్న అక్షరాల మీద వేలుపెట్టి నవ్వింది.

"లోపల కాపలా గడియారం ఉందిగా? ప్రోగ్రామ్ ఉలుకూ పలుకూ లేకపోతే మళ్ళీ మొదలెట్టించేది అదే. మనం ఆపినా చచ్చిందనుకుని లేపుతోంది. చిప్పుతోపాటు దాన్నీ ఆపాలి."

డీబగ్గర్లో ఒక్క అంకె మార్చింది. చిప్పు బుద్ధిగా నిలబడింది. ఇరవయ్యేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఇంత ఓపిగ్గా చదివే మనిషిని చూడలేదు. నిజం చెప్పొద్దూ, దణ్ణం పెట్టాలనిపించింది.

షెడ్డులో ఉన్న పెట్టెని రాత్రంతా నడిపించి, గురువారం అది ఆగిన చోటే పట్టుకున్నాం. పద్దెనిమిది గంటలు దాటగానే నా సెకన్ల లెక్క నిండిపోయి సున్నాకి వస్తోంది. ఆ సున్నాతో భాగించబోయి ప్రోగ్రామ్ కొయ్యబారిపోతోంది, కాపలా గడియారం దాన్ని మళ్ళీ లేపుతోంది. షెడ్డులో రోజూ సాయంత్రం అన్నీ ఆపేసి ఇంటికెళ్ళేవాళ్ళం కాబట్టి మాకెప్పుడూ కనపడలేదు. రాత్రీ పగలూ నడిచేది పాపాయి ఉన్న పెట్టె ఒక్కటే.

నేను లెక్క సరిచేస్తుంటే, వదిన తను డీబగ్గర్‌కి నేర్పిందంతా అందరూ వాడుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టేసింది. "ఈ చిప్పుతో ఇంకెవరెవరు తంటాలు పడుతున్నారో పాపం" అంది.

శనివారం వార్డులో పెద్ద నర్సు సూటిగా అడిగింది. "తప్పెవరిది?"

ఆమె వెనక కుర్చీలో ఒక తల్లి పిడికెడంత పాపని గుండెలకు ఆనించుకుని కూర్చుంది. మూతపడిన కంపెనీ మీదికి తోసేస్తే కాదనేవాడు లేడు. వదిన నా వైపు చూడనైనా లేదు.

"నాదేనండి. లెక్క తప్పు రాశాను."

"మరి ఇప్పుడు?"

"సరిచేశాక షెడ్డులో పెట్టె ముప్పై గంటలు ఆగకుండా నడిచింది. అదే ప్రోగ్రామ్ ఇక్కడి తొమ్మిదింటికీ ఎక్కించాం."

నర్సు పెట్టెలో చెయ్యి పెట్టి వెచ్చదనం చూసింది. "అయితే పాపని పడుకోబెట్టనా?" అంది. అడిగింది వదినని కాదు, నన్ను.

"పడుకోబెట్టండమ్మా" అన్నాను.