అల్లుడు లేని వరుస

మల్సున్ అత్త పేరు మళ్ళీ రాలేదు. హేరిమ్ తెర మీది పేజీని కిందికి జరిపింది, పైకి జరిపింది. తాత పేరుంది, నాన్న పేరుంది, చిన్నత్త తాలూకు వరుసా ఉంది. పెద్దత్త ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. కనీసం ఖాళీ జాగా అయినా లేదు.

ఆందోంగ్ ఊళ్ళో మూలికల దుకాణం పైన, తమ ప్యో వంశ సంఘం ఆఫీసు అది. వంశావళి పుస్తకాన్ని తరానికోసారి కొత్తగా అచ్చు వేస్తారు. ఈసారి ఆడపిల్లల పేర్లు కూడా వేయాలని పెద్దలు గొంతులు చించుకుని మరీ తీర్మానించారు. ఎక్కించే చాకిరీ మాత్రం, కంప్యూటర్ వచ్చు కదా అని, హేరిమ్ నెత్తిన పడేశారు. పాత రిజిస్టర్లు చూసి ఆమె పేర్లన్నీ ఒక మామూలు ఫైల్లో ఎక్కించింది. నల్ల తెర మీద ఒక్క కమాండ్ కొడితే చాలు, కీహ్వాన్ బాబాయి రాసిపెట్టిన మూస ఏ పేరు ఎక్కడ కూర్చోవాలో చెబుతుంది, పేజీలు తయారవుతాయి. అవి సాయంత్రానికి అచ్చాపీసుకు చేరాలి.

మల్సున్ అత్త వెనక సోఫాలో కూర్చుని చెస్ట్‌నట్‌లు ఒలుస్తోంది. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది, తన పేరు తన కళ్ళతో చూసుకోవాలని. వృద్ధుల క్లబ్బులో అందరికీ చాటింపు కూడా వేసింది.

"ఏమేవ్, నేను పుట్టానా, ఇంకా లేదా?"

"ఉండు అత్తా. ఫైల్లో ఉన్నావు, పేజీలో లేవు."

"మీ నాన్న పెళ్ళిలోనూ అంతేగా! వంటంతా నేను చేశాను, ఫొటోలో లేను."

తప్పుంటే కంప్యూటరు తిట్టాలి. ఈ మాయదారిది తిట్టనూ తిట్టదు, అంతా సవ్యంగా ఉన్నట్టు పేజీలు చేతిలో పెడుతుంది. హేరిమ్ అత్త పేరు చెరిపి మళ్ళీ కొట్టింది. అక్షరాల తీరు మార్చింది. పుట్టిన సంవత్సరం తీసేసి చూసింది. ఏం చేసినా అదే పేజీ. బుర్ర వేడెక్కిపోయింది. అత్తకీ చిన్నత్తకీ తేడా ఏమిటి? ఇద్దరూ ఒక తల్లి పిల్లలే, ఇద్దరి వివరాలూ ఒకే తీరులో ఎక్కించింది. ఒక్కటే తేడా, చిన్నత్తకి పెళ్ళయింది.

ఏమీ తోచక, ఉత్త పరీక్షకని, అత్త పేరు కింద భర్త అని పెట్టి నోటికొచ్చిన పేరొకటి కొట్టింది. మ్యోంగ్ దోఛిల్.

వరుస వచ్చేసింది! "కూతురు, భర్త మ్యోంగ్ దోఛిల్." మల్సున్ అన్న మాట మాత్రం అందులోనూ లేదు.

అత్త కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది. "వీడెవడే?"

"ఎవడూ కాడు అత్తా, నేనే..."

"ఇన్నేళ్ళు సంబంధాలన్నీ తప్పించుకు తిరిగితే, కూర్చున్న చోటునుంచి కట్టబెట్టేశావే! పైగా వాడుంటే నేనుండనా?"

హేరిమ్‌కి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. మూస ఫైలు తెరిచింది. అందులో సూటిగానే ఉంది: అల్లుడి పేరుంటే ఈ వరుస వేయి, లేకపోతే వదిలేయి. కూతురి పేరుకు అసలు చోటే లేదు. ఆమె బాబాయికి ఫోన్ చేసింది.

"పాత పుస్తకం ముందు పెట్టుకుని దాన్లో ఉన్నట్టే రాశానమ్మా," అన్నాడు కీహ్వాన్ బాబాయి. "కూతురంటే అల్లుడి పేరేగా వేసేవాళ్ళం."

"మరి తీర్మానం?"

"అది... తీర్మానం చేశాం. మూస సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మార్చెయ్ తల్లీ. నువ్వే మార్చెయ్."

హేరిమ్ దోఛిల్‌ను చెరిపేసింది. మూసలో ఆ షరతు తీసేసి, కూతురి పేరుకు చోటు పెట్టి, మళ్ళీ కమాండ్ కొట్టింది. పుస్తకం ఒక్కసారిగా లావెక్కింది. పేజీ పేజీకీ ఎక్కడెక్కడి ఆడవాళ్ళో లేచి వచ్చారు. వాళ్ళలో హేరిమ్ కూడా ఉంది. పొద్దుటినుంచి అత్త కోసం వెతుకుతూ, తానూ లేనన్న సంగతే చూసుకోలేదు. ఆమెకు సిగ్గేసింది.

"అదిగో అత్తా, నువ్వు!"

అత్త వేలు మల్సున్ మీద ఆగలేదు. పై వరుస మీద ఆగింది. కూతురు, ఓక్‌బున్.

"ఇదెవరు రాశారే?"

"నేనే. పాత రిజిస్టర్లో ఉంది. ఎవరత్తా?"

"మా అక్క. యుద్ధంలో పారిపోతుంటే దార్లో జ్వరమొచ్చి పోయింది. చిన్నపిల్ల. మా అమ్మ ఏడుస్తుందని ఇంట్లో దాని పేరు ఎత్తేవాళ్ళం కాదు. నేనొక్కదాన్నే గుర్తు పెట్టుకున్నాననుకున్నా."

హేరిమ్ అచ్చాపీసుకు పంపే ముందు ఆ ఒక్క పేజీ కాగితం మీద తీసి అత్త చేతిలో పెట్టింది.

అత్త చెస్ట్‌నట్‌ల గిన్నె పక్కకు జరిపి, పేజీ ఒళ్ళో పరుచుకుంది. తన పేరున్న వరుసను అరచేత్తో మూసి, పైనున్న ఆ ఒక్క పేరే పైకి చదువుకుంది.