మామగారి వాచీలో గుండె

ఫోన్ల షాపులో పనిచేసే మగవాడున్న ఇల్లు కాబట్టి ఆ ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. గుమ్మంలో ఎవరు నిలబడ్డారో అతని ఫోన్‌లో కనిపిస్తుంది. ట్యాంకు నిండితే ఫోను చెబుతుంది, ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడకపోతే ఫోను చెబుతుంది. షాపుకి ఏ కొత్త వస్తువొచ్చినా ముందు ఇంట్లో వాడి చూడటం అతని అలవాటు. "మా ఇంట్లో కూడా ఇదే సార్" అన్న మాటతో సగం బేరం కుదిరిపోతుందని అతని నమ్మకం. ఇంట్లోవాళ్ళ గురించి తనకు తెలియనిదేదీ లేదన్నది కూడా అతని నమ్మకమే.

ఆ వాచీ అలాగే వచ్చింది. చేతికి కట్టుకుంటే చాలు, ఎంత నడిచారో, ఎంతసేపు పడుకున్నారో, గుండె ఎలా కొట్టుకుంటోందో అన్నీ లెక్కగట్టి అతని ఫోన్‌కీ, పెళ్ళై అదే ఊళ్ళో వేరే ఇంట్లో ఉంటున్న అతని అక్క ఫోన్‌కీ పంపిస్తుంది. అక్కా తమ్ముడూ కలిసి దాన్ని తండ్రి చేతికి కట్టి, ఫోటో తీసి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టి మురిసిపోయారు. ఆయన మాత్రం చేతికి సంకెళ్ళు పడ్డట్టు మొహం పెట్టాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. బతుకంతా కూర్చునే ఊళ్ళు తిరిగినవాణ్ణి పట్టుకుని ఈ వయసులో నడవమంటే ఎలా నడుస్తాడు? కిటికీ పక్కన కుర్చీ, ఒళ్ళో ఫోను, అందులో ఒకదాని వెనక ఒకటి వచ్చిపడే బుల్లి వీడియోలు. ఎవడో పార పట్టుకుని ఈతకొలను తవ్వుతుంటే చూస్తూ చూస్తూ ఈయన అలిసిపోయేవాడు. ఆయన వ్యాయామం అంతవరకే.

అడుగులు తగ్గినప్పుడల్లా మాట పడేది కోడలికి. నాన్నని కాస్త బయట తిప్పలేవా, ఇంట్లో ఉండి చేసేదేముంది అని ఆడపడుచు ఫోన్ చేసి సాధించేది. ఆ "ఇంట్లో ఉండటం" ఎక్కడో ఆ వదినగారికే తెలియాలి. కోడలు ఒక పెద్ద హోటల్ లాండ్రీలో పనిచేస్తుంది. పొద్దున్నే వెళ్తే సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. వచ్చాక వంట, అంట్లు. మామగారి చెయ్యి పట్టుకుని పార్కులో షికారు తిప్పే భాగ్యం ఆమెకెక్కడిది!

ఉపాయం చెప్పింది మామగారే. ఒకరోజు పొద్దున ఆమె చెప్పులేసుకుంటుంటే వాచీ విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

"అమ్మాయ్, నువ్వెలాగూ రోజంతా కాలికి బలపం కట్టుకుని తిరుగుతావు. దీన్ని కూడా తిప్పుకురా."

ఆమెకు నవ్వొచ్చింది. వాచీ చేతికి కట్టుకుని యూనిఫాం చొక్కా చెయ్యి మీదికి లాక్కుంది. సాయంత్రానికి మామగారు ఊరు చుట్టివచ్చినంత నడిచారు. ఆడపడుచు గ్రూపులో చప్పట్ల బొమ్మలు వరసపెట్టి పంపింది. కొడుకు షాపులో తండ్రి అడుగులు చూపించి మరీ వాచీలు అమ్మాడు. ఆమె ఇంటికి రాగానే వాచీ మళ్ళీ మామగారి చేతికెక్కేది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని మూతి బిగించి నవ్వుకునేవారు. నిజం చెప్పాలంటే, కాపురానికొచ్చాక ఆ ఇంట్లో ఆమెతో కలిసి ఎవరైనా ఒక గుట్టు దాచుకోవడం అదే మొదటిసారి. అందుకే ఆ దొంగతనం ఆమెకి తీపిగానే ఉండేది.

లాండ్రీ హోటల్ కింద, నేలమాళిగలో ఉంటుంది. కిటికీలు లేని హాలు. ఒకపక్క డ్రయ్యర్లు, ఇంకోపక్క దుప్పట్లను ఇస్త్రీ చేసే పొడవాటి రోలరు. దుప్పటికి చెరో అంచు పట్టుకుని, ముడత లేకుండా దాని నోటికి అందించాలి. చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైతే దుప్పటి వంకరపోతుంది, సూపర్‌వైజర్ మొహం కూడా వంకరపోతుంది. సామాన్ల లిఫ్టు తరచూ చెడిపోయేది. అప్పుడు మూటలు భుజానికెత్తుకుని మెట్లెక్కాలి. ఈ మధ్య ఆ మెట్ల మీదే ఆమెకి ఎలాగో అవుతోంది. గుండెలో పిచ్చుక ఇరుక్కుని రెక్కలు కొట్టుకున్నట్టు కాసేపు టపటపలాడి, ఆ తర్వాత ఒక్కసారిగా ఆగినట్టై, మళ్ళీ మొదలయ్యేది. రోలరు దగ్గర ఆమెతో దుప్పటి పట్టుకునే పెద్దావిడ ఒకసారి చేతిలో పని ఆపి, పెదాలు అలా తెల్లబడ్డాయేంటమ్మా అని అడిగింది. వేడికి అనేసింది కోడలు. ఆ హాల్లో ఏ రోగమొచ్చినా పేరు వేడే.

ఒకరోజు మెట్ల మీద వాచీ చేతికి తగిలేలా బుర్రుమని వణికింది. ఆమె దాన్ని పట్టించుకోలేదు. ఊపిరి కూడదీసుకోవడంలోనే ఉంది. అదే సమయానికి షాపులో భర్త ఫోన్ మోగింది. తండ్రి గుండె లయ తప్పి కొట్టుకుంటోందట. ఎర్రటి అక్షరాలు.

అతను గాబరాగా తండ్రికి ఫోన్ చేసి, కదలకు, వస్తున్నాను అన్నాడు. ముసలాయనకి పై ప్రాణాలు పైనే పోయాయి, గుండెకి కాదు, గుట్టుకి. కొడుకు ఇంటికొచ్చేసరికి మెడదాకా దుప్పటి కప్పుకుని మంచమెక్కాడు. ఎలా ఉంది నాన్నా అంటే, ఏదో ఒకటి చెప్పాలి కదా, "కొంచెం అదోలా ఉందిరా" అన్నాడు. అంతే, ఆ మాటతో ఇల్లు ఇల్లంతా కదిలింది. కూతురు ఏడుస్తూ వచ్చింది. సాయంత్రం కోడలు వచ్చేసరికి గుమ్మంలో చెప్పులు, గదిలో ముక్కు చీదుతున్న ఆడపడుచు. దుప్పటి సర్దుతున్నట్టు వంగితే, కింద నుంచి మామగారి చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె చేతికి తగిలింది. ఎవరూ చూడకుండా వాచీ చేతులు మారింది.

మర్నాడు ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేశారు. ఏ లోపమూ లేదు. కొందరికి ఇది వచ్చిపోతుంటుందనీ, వాచీ విప్పకుండా కొన్నాళ్ళు రికార్డు కానిమ్మనీ, మెల్లగా నడవమనీ, ఆ రికార్డుతో గుండె జబ్బుల పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళమనీ అక్కడి డాక్టరు చెప్పాడు. పెద్ద డాక్టరు దొరకడమంటే మాటలా? కొడుకు ఫోన్ పట్టుకుని తపస్సు చేసి, ఎవరో వద్దనుకున్న స్లాటు ఒకటి పట్టాడు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చే దారిలో, సెలవు పెట్టి వెంట వచ్చిన కోడలు భర్తతో, నాకూ ఈమధ్య ఆయాసంగా ఉంటోందండీ అంది. నాన్న ఇలా ఉంటే నీ గోలేంటి అన్నాడతను. పరీక్షల్లో ఏమీ తేలలేదు కదా అంటే మాత్రం ఓపిగ్గా వివరించాడు.

"మనిషి చెప్పేది అబద్ధమవుతుందేమో గానీ వాచీ అబద్ధం చెప్పదు."

డాక్టరు నడవమన్న అడుగులు కూడా కావాలి కదా, పొద్దున అందరూ వెళ్ళేవేళకి వాచీ ఎప్పట్లాగే కోడలి చేతికి మారేది. అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఆ గ్రాఫుని టీవీకి ఎక్కించి చూడటం ఆ ఇంటి పని అయింది. అక్కా తమ్ముడూ సోఫాలో ముందుకు వంగి కూర్చునేవారు. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. తెర మీద ఆకుపచ్చ గీత సాఫీగా వెళ్తూ వెళ్తూ ఒకచోట ఎర్రగా ఎగిసేది. అది లిఫ్టు చెడిపోయి మెట్లెక్కిన వేళ. ఆ తర్వాత చిన్న ఎరుపు, సూపర్‌వైజర్ అందరి ముందూ అరిచిన వేళ. మధ్యలో నిదానంగా ఉన్నచోట పెద్దావిడ తన డబ్బాలోంచి ఓ ముద్ద పెట్టింది. ఆమె రోజంతా అక్కడ పరిచి ఉంది. ఇన్నేళ్ళలో ఆమె రోజుని ఎవరైనా ఇంత శ్రద్ధగా చూశారా?

"చూడక్కా, ఎంత కష్టపడుతోందో పాపం ఆ గుండె" అన్నాడు భర్త.

 సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ మాటకి కోడలికి సంతోషం కలిగింది. అది తన గుండె. అతను జాలిపడుతున్నది తన గుండె మీదే. ఆ సంతోషం ఎంతసేపు? అతను లేచి వెళ్ళి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని, మంచినీళ్ళు తాగుతావా నాన్నా అని అడిగేంతసేపు.

మామగారు ఒక్కడూ ఉన్నప్పుడు ఆమె అడిగేసింది, ఆ గుండె నాదే కదా మామయ్యా అని. ఆయన చేతిలో ఫోను ఆపలేదు. అందులో ఎవడో ఇంకా తవ్వుతున్నాడు.

"తెలుసమ్మా. నాలుగు రోజులు ఓపిక పట్టు. నా కూతురు రోజూ వస్తోంది. వాడు నా పక్కన కూర్చుని మాట్లాడి ఎన్నాళ్ళైందో. ఇప్పుడు చెబితే నా పరువేం కాను? పెద్ద డాక్టరు దగ్గరికి నువ్వూ రా. అక్కడ చెప్పేద్దాం."

ఆమెకి కోపం రావాల్సింది. రాలేదు. ఆ మాట సబబుగానే తోచింది. పేరెవరిదైతేనేం, గుండె తనది. దాని రికార్డంతా పెద్ద డాక్టరు బల్ల మీదికి వెళ్తుంది. ఆయన ముందు చెబితే ఎవరూ కొట్టిపారేయలేరు. ఆ స్లాటు తన కోసమే దొరికిందనుకుంది. రోజూ పొద్దున తానే చెయ్యి చాచి వాచీ అడిగి తీసుకెళ్ళింది.

అపాయింట్‌మెంట్ రేపనగా చిక్కొచ్చిపడింది. గ్రాఫులో ఆ రోజు ఎరుపు మరీ ఎక్కువుంది. కొడుకు దాన్ని మొదటి డాక్టరుకి ఫోన్‌లో పంపితే, గుండె వేగం తగ్గడానికి ఒక మాత్ర రాసి, ఇవాళే మొదలుపెట్టమన్నాడట. భోజనాల వేళకి ఆడపడుచు మాత్రా మంచినీళ్ళూ పట్టుకుని తండ్రి ముందు నిలబడింది. ఆయన మాత్ర చేతిలోకి తీసుకున్నాడు. ఒకసారి కోడలి వంక చూశాడు. చూసి, తల దించుకున్నాడు. కూతురి ముందు అబద్ధాలకోరు అనిపించుకోవడం కంటే ఆ మాత్ర మింగడమే నయమనుకున్నాడు కాబోలు, నోటిదాకా తీసుకెళ్ళాడు.

నిదానంగా కొట్టుకునే గుండెని ఆ మాత్ర ఇంకా నిదానం చేస్తే? ఆమె చేతిలో గరిటె అక్కడే పెట్టేసి వచ్చింది.

"మింగకండి మామయ్యా." తర్వాత భర్త వైపు తిరిగింది. "ఆ గుండె ఆయనది కాదు. నాది. పగలంతా వాచీ నా చేతికే ఉంటుంది."

మొత్తం చెప్పింది. మెట్లు, మూటలు, పిచ్చుక, అన్నీ. భర్త టీవీ మీది ఎర్రగీతను చూశాడు, తండ్రిని చూశాడు. ఇన్నాళ్ళూ బిగుసుకుపోయి ఉన్న అతని మొహం మెల్లగా విప్పారింది.

"అంటే నాన్నకేం లేదన్నమాట. హమ్మయ్య!"

ఆడపడుచు తండ్రిని పట్టుకుని భోరుమంది, ఈసారి సంతోషంతో. ఆ గదిలో అందరికీ ఊపిరాడింది, ఒక్కరికి తప్ప.

కోపాలు ఆ తర్వాత వచ్చాయి. షాపులో ఇంతమందికి చూపించానే, నా పరువేం కాను అన్నాడు భర్త. నాన్నకేమైనా అయ్యుంటే ఎవరిది బాధ్యత అంది ఆడపడుచు. ఎవరికి పుట్టింది ఈ పాడు ఆలోచన అని నిలదీస్తే మామగారు గొంతు సవరించుకుని, ఏదో ఇద్దరం సరదాకి అన్నాడు. ఆ "ఇద్దరం" కోడలి చెవిలో ముల్లులా దిగింది.

ఈ గొడవలోనే భర్త ఫోన్ తీశాడు. బొటనవేలితో అటూ ఇటూ జరిపి ఏదో నొక్కుతున్నాడు. ఏం చేస్తున్నాడో అర్థమై ఆమె గబగబా దగ్గరికొచ్చింది.

"అది తీసేయకండి. పేరు మార్చి నన్ను తీసుకెళ్ళండి."

అప్పటికే తెర మీద చిన్న టిక్కు పడింది. పెద్ద డాక్టరు అపాయింట్‌మెంట్ రద్దయింది.

"నీకా?" అన్నాడతను, వింత మాట విన్నట్టు. "వయసులో ఉన్నదానివి, నీకేమవుతుంది? వేడికే అయ్యుంటుంది. తీరిక చూసుకుని మన వీధి డాక్టరుకి చూపిద్దాంలే."

"మరి ఆ ఎర్రగీతలు?"

"ఈ వాచీలన్నీ అంతే. ఊరికే భయపెడతాయి."

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను ఎగతాళి చేయడం లేదు. నిజంగానే అంటున్నాడు. నిన్నటిదాకా అబద్ధమాడని వాచీ, మనిషి మారేసరికి అబద్ధాలు నేర్చింది. కనీసం నాకూ ఒకటి తెచ్చిపెట్టండి అని అడిగింది. నీకెందుకు, నువ్వెలాగూ తిరుగుతూనే ఉంటావుగా అన్నాడు. మళ్ళీ ఇలాంటి వేషాలు వేయకుండా, ఫోన్‌లో తను నొక్కితేగానీ ఊడని కొత్త పట్టీ బిగించి వాచీని తండ్రి చేతికి కట్టాడు.

పొద్దున ఆమె బయల్దేరుతుంటే మామగారు కుర్చీలోంచి లేచాడు. తన చేతి వంక చూసుకుని మళ్ళీ కూర్చున్నాడు. ఆమె కూడా ఆగలేదు.

హోటల్లో లిఫ్టు మళ్ళీ చెడిపోయింది. మూట భుజానికెత్తుకుని మెట్లెక్కుతుంటే సగం దూరంలో పిచ్చుక రెక్కలు విప్పింది. ఈసారి తొందరగా ఆగేలా లేదు. ఆమె గోడ పట్టుకుని, మెల్లగా మెట్టు మీద కూర్చుని, అలవాటుగా చొక్కా చెయ్యి పైకి లాగి చూసుకుంది. వాచీ ఉండేచోట చర్మం మీద పట్టీ ఒరుసుకున్న మచ్చ మిగిలింది. పై నుంచి ఎవరో దుప్పట్ల కోసం కేకేస్తున్నారు. పలకడానికి ఆమెకి గొంతు రాలేదు.

ఊళ్ళో ఎవరి ఫోనూ మోగలేదు.