సాయంత్రం నవ్వే డాక్టరు

మాతర ఊళ్లో మా బియ్యప్పిండి ఇడియాప్పాల కొట్టు తెలియనివారుండరు. దాన్ని నడిపే మా ఆయన ఆరియపాలకు పిత్తాశయంలో రాళ్లు చేరాయి. సాయంత్రాలు ప్రైవేటు ఆసుపత్రిలో చూసే డాక్టర్ వీరకోన్ దగ్గరికి నంబరు తీసుకుని వెళ్లాం. చల్లని గది, మెత్తని కుర్చీ, నిండు నవ్వు. డాక్టరు మా మనవల పేర్లు కూడా అడిగేసరికి మా ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆపరేషన్ ఇక్కడే చేయమన్నాడు. డాక్టరు మాత్రం పగలు తాను పనిచేసే సర్కారు ఆసుపత్రిలో చేరమన్నాడు.

బయటికొచ్చాక ఈయన మొహం మాడిపోయింది. డాక్టరు తనను గతిలేనివాడు అనుకున్నాడట. తోడల్లుడికి టీవీ ఉన్న గదిచ్చి మరీ చేశారు, తనకేం తక్కువట. అసలు ఆపరేషనే వద్దని భీష్మించుకు కూర్చున్నాడు. నొప్పి వస్తే మాత్రం దిండు కొరికేవాడు. నాకు భయం, అంతకు మించి ఒళ్లుమంట. ఇక్కడే ఎందుకు చేయరని నేనే వెళ్లి డాక్టరునడిగాను.

"ఇక్కడ నాకున్నది ఈ కుర్చీ ఒక్కటేనమ్మా. ఉన్నట్టుండి రక్తం కావాలన్నా, రాత్రంతా మెలకువగా ఉండే డాక్టర్లు కావాలన్నా అక్కడికే రావాలి" అన్నాడు.

బలవంతాన చేర్పించాను. మంచం దొరికేదాకా చాపే గతి. అదే డాక్టరు అక్కడ సుడిగాలిలా వచ్చి, ఈయన పొట్టను కుర్ర డాక్టర్లకు చూపించి వెళ్లిపోయేవాడు. మొహం వంక చూస్తేగా! ఆపరేషన్ అయిన సాయంత్రం పొట్టలో రక్తం కారి, మళ్లీ కోయాల్సి వచ్చింది. మమ్మల్ని గేటు దగ్గరే ఆపేశారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఎలాగో బతికించారు.

ఇంటికొచ్చాక ఈయనది ఒకటే సణుగుడు, ఆ నవ్వు కూడా డబ్బిస్తేనేనని. అయినా కోలుకోగానే దండం పెట్టి వద్దామని సాయంత్రం నంబరు తీసుకున్నాడు.

"చెప్పండి మామా, ఏమిటి బాధ?" అన్నాడు డాక్టరు, అదే నవ్వుతో. గుర్తుపట్టలేదు. మా ఆయన చిన్నబోయి నా వంక చూశాడు. నాకు జాలేసింది. ఇక లాభం లేదని ఆయన చొక్కా గుండీలు విప్పాను.

ఆ కుట్ల మచ్చ చూడగానే డాక్టరు లేచి నిలబడ్డాడు. నవ్వు మాయమైంది.

"కిటికీ పక్క మంచం! ఆ రాత్రి నేను ఇంటికి పోలేదు మామా. తెల్లారేదాకా మీ పక్కనే స్టూలేసుకుని కూర్చున్నా" అంటూ మచ్చ చుట్టూ వేళ్లతో మెల్లగా నొక్కి చూశాడు. "ఇప్పుడు నొప్పుందా?"

లేదనబోయి మా ఆయన బావురుమన్నాడు.

నలుగురూ ఆ మచ్చ చూడాలని కాబోలు, బస్టాండు దాకా ఈ పెద్దమనిషి చొక్కా గుండీలు పెట్టుకుంటే ఒట్టు.