ఎడమకాలి పందెము

వర్షాకాలము వెనుకంజ వేయుచున్న భాద్రపదమాసమున నొకనాటి సాయంసమయమున లాలాగూడ రైల్వే కర్మాగారము దీర్ఘమైన కూతతో పనివారిని విడిచిపుచ్చగా పడమటి దెసను జీర్ణమేఘశకలముల యంచులకు కుంకుమకాంతి జరీవలె నమరియుండెను. ముందునాటి వానకు నానిన ఎఱ్ఱమట్టి మైదానమున నక్కడక్కడ నిలిచిన మడుగులలో గోలుస్తంభముల నీడలు గాలికి వడకుచుండెను. ఆ మైదానమున కెదురుగా రేకులకప్పు క్రింద బాలమణి నడుపు క్యాంటీనునందు కాగుచున్న నూనెలో మిరపకాయబజ్జీలు చిటపటలాడుచు త్రోవను పోవువారి నెల్ల లోనికి పిలుచుచుండెను.

అచ్చట ప్రతిసాయంకాలము గూడువారిలో రైలుపెట్టెలకు చక్రములు బిగించి బిగించి పింఛను పుచ్చుకొన్న గాలయ్యయు సమీపవీథిని కుట్టుమిషను త్రొక్కు ఖాజామియాయు ముఖ్యులు. దేశపు ఫుట్‌బాలు జట్టు శిక్షకుడు లేక చిరకాలముగా నున్నందున ఆ పదవి యెవ్వరికి దక్కునో జట్టులోని నవయువకులలో నెవ్వడు నిలుచునో యను చర్చయే వారికి భోజనమును నిద్రయు నైయుండెను.

"ఆ కొత్త గోలీ పోరడు మంచిగనే దుంకుతడు," అనెను గాలయ్య. "బంతి లోపలికి వోయినంక."

"నీ మోకాళ్లతోని గీ వాకిలి దాక ఉరికి చూపెట్టు గాలన్నా, తర్వాత పోరగాండ్లకు పేరు వెట్టు," అని బాలమణి జల్లిగరిటె నూనెలో ద్రిప్పుచు పలికెను.

"ఎవడెట్లున్నా మన లింగేశ్ ఉన్నడు గద భాయ్," అనెను ఖాజామియా. "ఎడమ దిక్కు వాడుంటే పరదా కుట్టినట్టే. ఒక్కడు లోపలికి రాడు."

ఈ పరిహాసముల నడుమ గోడకు జేరబడి టీ త్రాగుచున్న వృద్ధుడు రత్నముసారు. యౌవనమున నాటగాడై పిమ్మట శిక్షకుడై ఆ యెఱ్ఱమట్టి మైదానమునకే తన జీవితమును ధారవోసిన ఆ మహనీయునకు భార్యాపుత్రులు లేరు. తల్లిదండ్రులు గతించిన బాలుని లింగేశును తన యింటికి దోడ్కొనివచ్చి తన కంచములోని యన్నము బెట్టి దేశపు జట్టునకు బంపినవాడాయనయే.

ఆయన నెలకొల్పిన యాచార మొకటి యచ్చట గలదు. ఏటేట వానలు వెనుకపట్టు పట్టు దినములలో నొక ఆదివారమున ఎడమకాలి పందెము జరుగును. ఆడువాడు ఎడమకాలికి మాత్రమే బూటు దొడిగి కుడికాలి బూటును బాలమణి గోడమేకులకు వ్రేలాడదీయవలెను. తొందరపాటున వట్టి కుడికాలితో దన్నినవానికి బొటనవ్రేలే బుద్ధి చెప్పును. ఇట్లు రెండుకాళ్లును సమానబలము లైనపిదప రత్నముసారు తన పరమరహస్యము నుపదేశించును. అది కన్నులతో నొకదిక్కును జూపి బంతిని వేఱొకదిక్కునకు దన్నుట. శిష్యుని గడ్డము పట్టి పైకెత్తి వాని కన్నులలోనికి జూచుచు నేర్పుట యాయనకు వాడుక.

లింగేశు జట్టునకు వెడలునాడు తన కుడికాలి బూటును మేకుననే విడిచి "మిమ్మల్ని దేశానికి కోచ్‌ను చేసినంకనే వచ్చి తొడుక్కుంట సార్," అని కన్నీటితో బలికిపోయెను. బాలమణి దానికి నూనె రాచి తుడువని వారము లేదు.

ఇప్పుడు శిక్షకపదవికి తుదిపోటీలో నిలిచినవారిలో రత్నముసారు పేరును గలదు. మఱుసటి యేడు వయోనియమము ఆయనకు ద్వారము మూయును గావున ఇదియే కడపటి యవకాశము. జట్టులోని యువకుల యభిప్రాయము నడిగి నిర్ణయింతుమని యెంపికసంఘమువారు ప్రకటించిరి. ఆ యువకులకు పెద్దదిక్కు లింగేశు.

ముందునాటి సాయంకాలమే వాడు ఫోను చేసియుండెను. అందఱు వినునట్లు ఫోనును బల్లపై బెట్టి వినిరి. "మీ పేరే చెప్పిన సార్. మా పోరగాండ్లందరిది ఒక్కటే మాట. కోటు ఇస్త్రీ చేయించి పెట్టుకోండ్రి." గాలయ్య కన్నులొత్తుకొనెను. ఖాజామియా రత్నముసారు పాతకోటు నడుము బిగించి భుజము సవరించి కూలి యడుగక తెచ్చియిచ్చెను. ఆ కోటు దొడుగుకొనియే యాయన యీనాడు గూర్చుండెను.

దీపములు పెట్టు వేళకు టీవీలో వార్త వచ్చెను. శిక్షకుడుగా విదేశీయుడొకడు నియుక్తుడయ్యెను. వాని ప్రక్కను పూలగుత్తి పట్టుకొని లింగేశు నవ్వుచుండెను. మీ గురువుగారును పోటీలో నుండిరి గదా యని విలేఖరి యడుగగా వాడు రెప్పవాల్చక చెప్పెను.

"ఆయనంటే నాకు చాలా గౌరవం. కానీ ఒంటికాలి ఆటలతో ఈ రోజుల్లో నెగ్గలేం. బయటి కోచ్ కావాలని యువ ఆటగాళ్ల తరఫున నేనే కోరాను. పోయిన నెలలోనే చెప్పేశాను."

పోయిన నెల! నిన్నటి మాట యింకను ఆ బల్లపై చల్లారకుండెను. బజ్జీలు మాడుచున్నను బాలమణి గరిటె కదలలేదు. గాలయ్య దిగ్గునలేచి మేకుననున్న బూటును బెఱుకబోయెను.

"మోరీల పారేస్త దీన్ని!"

"ఉండనీ గాలన్నా," అనెను రత్నముసారు. "దానికేం తెలుసు."

"నిన్న గొంతు ఎంత తియ్యగుండె సారూ," అని బాలమణి కొంగు నోటికి అడ్డము పెట్టుకొనెను. "నా చేతి ముద్దలు తిన్న పోరడు. గిట్ల జేస్తడని ఎట్ల అనుకుంటం?"

"నేర్పింది నేనే గదమ్మా. కండ్లు ఒక దిక్కు, కాలు ఒక దిక్కు." ఆయన కోటు విప్పి మడచి ఖాజామియా యొడిలో నుంచెను. "మంచిగనే నేర్చిండు."

పందెపు ఆదివారము వచ్చెను. సారు ఇక మైదానమున నడుగిడడని యందఱును భయపడుచుండగా ఆయన యెప్పటివలె మెడలో ఈల వేసుకొని వచ్చెను. మేకులన్నియు కుడికాలి బూట్లతో నిండెను. ఆట ముగిసిన పిదప క్రొత్తగా జేరిన కుఱ్ఱవాండ్రు ఆయనను జుట్టుముట్టి "సార్, లింగేశన్న కొట్టే దెబ్బ మాకు నేర్పుండ్రి," అని వేడిరి. సారు మడుగులోని ఆకాశమును జూచి పిదప బంతిని దెమ్మనెను. ఏమియు దాచక నేర్పెను. కాని యేయొక్కని గడ్డమును బట్టలేదు. వారి వెనుక నిలిచి వంగి పాదములను మాత్రమే చూచుచుండెను.

"ఎదుటోడు కొట్టేటప్పుడు మొకం సూడకుండ్రి బిడ్డా. నేలమీద నిలవెట్టిన కాలు సూడుండ్రి. అదొక్కటే అబద్ధమాడదు."

విడిచిపోవువారిని సాగనంప వాకిట నిలుచువారెల్లరు తిరిగి చూతురేమో యని వారి మొగములనే చూతురు గాని పోవుచున్న పాదము లెటు తిరిగియున్నవో చూచువారు లేరు. చీకటిపడువేళకు కుఱ్ఱవాండ్రందఱును తమతమ బూట్లు దొడుగుకొని యిండ్లకు బోయిరి. వట్టి మేకుల వరుసలో నొక్క బూటు మాత్రము నూనె మెఱుగుతో వ్రేలాడుచుండ దాని మొన తలుపు వైపునకే తిరిగియుండెను.