పడావు పెట్టిన పొలం

చంద్రకాంత్‌కీ నాకూ మధ్య ఇప్పుడు పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఒకప్పుడు ఇలా లేదు. కర్దనూర్‌లో వాళ్ళ పొలం ఏళ్ళ తరబడి మేమే కౌలుకు చేశాం. అతను తెల్లాపూర్‌లో ఫ్లాటు కొనుక్కుని వెళ్ళిపోయాక కూడా మా ఆయన మొగులయ్యే దున్నాడు. కందులు రాగానే మొదటి సంచి వాళ్ళింటికే పోయేది. నేనే ఏరి, చెరిగి కట్టేదాన్ని. నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి.

నిరుడు వ్యవసాయాఫీసరు వచ్చి, మందులు కొట్టీ కొట్టీ నేల చచ్చిపోతోంది, ఒక్క పంట ఆపి జనుము చల్లండి, పూతకొచ్చినప్పుడు దున్నేయండి, నేలకు అదే ఎరువు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తినే పంట మానుకుని దున్నేసే పంట వేసేదెవరు? మా ఆయన మాత్రం విన్నాడు. జనుము నడుమెత్తు పెరిగాక కలియదున్నాడు. ఇకపై ఈ నేలకు మందు కొట్టనని మైసమ్మ ముందు మొక్కుకుని కొబ్బరికాయ కూడా కొట్టాడు. ఆ ఏడంతా నేను పాశమైలారంలో ఒక కంపెనీలో ఊడ్చి ఇల్లు నడిపాను.

పైన పంటేమీ లేకుండా ఆరుతున్న ఆ పొలంలోకి చంద్రకాంత్ ఒకమ్మాయిని కారులో తీసుకొచ్చాడు. పేరు హర్షిణి, సోలార్ కంపెనీ మనిషట. పండే భూమి జోలికి వాళ్ళు పోరట, పనికిరాని నేలే కిరాయికి తీసుకుంటారట, ఎవరి నోటికాడి కూడూ లాక్కోరట. ఇదంతా మర్యాదగానే చెప్పి, మాట రికార్డు చేయడానికి ఫోను మా ఆయన ముందు పెట్టి, ఇది పడావు భూమేనా అని అడిగింది.

మా దగ్గర పడావు పెట్టడమంటే పొలానికి ఒక ఏడు విశ్రాంతి ఇవ్వడం, బాలింతను పనికి పంపకుండా పండుకోబెట్టినట్టు. ఆమెకు తెలిసిన పడావు వేరు. ఏమీ మొలవని బీడు.

మా ఆయన ఛాతీ విరుచుకుని చెప్పాడు.

"ఔ మేడం, ఈ యేడు నేనే పడావు పెట్టిన."

ఆ అమ్మాయిని నేనేమీ అనను. ఎక్కడ పుట్టి పెరిగిందో ఏమో. చంద్రకాంత్ మాత్రం ఈ మట్టిలోనే పుట్టాడు. ఆ మాటకు అర్థం తెలిసీ, నోరు విప్పకుండా, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు. మా ఆయన మాట మీదే కంపెనీ పొలం తీసుకుంది. కిరాయి పట్టాదారుకే. కౌలుకు చేసే మనిషి ఉన్నాడా అని ఎవరూ అడగలేదు.

తెల్లాపూర్ వెళ్ళి వాళ్ళ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలదీశాను.

"నేనేమన్న అబద్ధమాడిననా వదినా? అన్న నోటితోనే చెప్పిండు గదా," అన్నాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఆయన నోరు మంచిదే, పొలమే పోయింది. వాచ్‌మెన్ వింటుండగానే, నీ కడుపు కాల అని తిట్టి వచ్చేశాను.

పొలం నిండా సోలార్ పలకలు లేచాయి, చుట్టూ కంచె పడింది. జనుము తిన్న నేల ఊరుకుంటుందా? తొలి వానకే గడ్డి పలకల్ని దాటి లేచింది. అప్పుడు చంద్రకాంత్ ఏదో పుణ్యం చేస్తున్నట్టు మా ఇంటికొచ్చి, గడ్డి మొలవకుండా చూసుకునే పని అన్నకు ఇప్పించానన్నాడు. వద్దంటే వద్దని నేను మొత్తుకున్నాను. ఆ కంచె లోపల కాలు పెట్టాలంటే ఇదొక్కటే దారి కదనే అన్నాడు మా ఆయన.

కొన్నాళ్ళు కొడవలితో కోశాడు. కోసిన కొద్దీ మొలిచింది. ఒకరోజు సద్ది తీసుకుని వెళ్తే, పలకల కింద వంగి, వీపున పంపుతో గడ్డిమందు కొడుతున్నాడు. అంతకుముందు కొట్టిన మేరంతా నేల పసుపుపచ్చగా మాడిపోయి ఉంది. కంచె బయట కారు పక్కన చంద్రకాంత్ నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, పని బాగుందా వదినా అని నవ్వాడు.

"ఆ పిల్లను ఇప్పుడు తోలుకరా చంద్రకాంత్," అన్నాను. "పడావేనా అని మళ్ల అడగమను."

అతని నవ్వు పోయింది. నా మాట మా ఆయనకూ వినబడింది. తల ఎత్తలేదు, పంపు ఆపలేదు.